అడగని ఫిల్టర్

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు డైపర్ల బుట్ట ఖాళీ చేస్తుంటే అందులో నిన్నటి ఫిల్టర్ కనిపించింది. గుండ్రంగా, తెల్లగా, పావలా బిళ్ళంత. ఒక పక్క ఆముదం ఇంకా మెరుస్తోంది. చూడగానే నా కుడి బొటనవేలు జివ్వుమంది. నిన్న మధ్యాహ్నం ఆ వేలి కింద ఏదో తప్పుకుంది. అది అప్పుడే తెలిసింది నాకు. తెలిసీ ఊరుకున్నాను.

ఆ ఫిల్టర్‌లోంచి వడకట్టిన మందు సీసా జెర్మెయిన్ అత్త ఇంట్లో ఉంది. గురువారం పది గంటలకు ఆమె సూది వేసుకుంటుంది.

జెర్మెయిన్ అత్త మాకు చుట్టం కాదు. మా లోయలో పెద్దవాళ్ళందరినీ అత్తా అనే పిలుస్తాం. అరవై నాలుగేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు దుంగల లారీ నడిపింది, అదీ పుట్టినప్పుడు పెట్టిన మగపేరుతో. పెళ్ళాం పోయాక, లారీ అమ్మేశాక, "ఇంక ఎవరికోసం నటించాలే" అని గౌన్లు వేసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆమెకు చెయ్యి పట్టుకుని దారి చూపించింది మా ఒడెట్ అక్క. అక్కకి కూడా పుట్టినప్పుడు మావాళ్ళు మగపేరే పెట్టారు. పంతొమ్మిదో ఏట ఆ పేరు వదిలేసి తన పేరు తనే పెట్టుకుంది. వాళ్ళకి మందు రాసే ఆస్పత్రి నాలుగు గంటల దూరం, అక్కడి చూపులు అంతకంటే దూరం. మందుల షాపులో నెలల తరబడి "లేదు" అనే మాటే. అందుకని ఆ ఆడ హార్మోను పొడి తెప్పించి, ఆముదంలో కలిపి, మా ఇంట్లో బట్టలుతికే గదిలో వాషింగ్ మెషీన్ మీద తనే మందు తయారు చేసేది. తనకి, జెర్మెయిన్ అత్తకి, ఇంకో ఇద్దరికి.

అక్క పోయి అయిదు నెలలవుతోంది. ఆ తరవాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేనే చేస్తానన్నాను. ఎందుకన్నానో ఎవరికీ చెప్పలేదు.

నేను పదకొండో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. కానీ ఈ పని చూసి చూసి వచ్చింది. అందులో అన్నిటికంటే విసిగించేది ఫిల్టరే. సిరంజి కొనకి దాన్ని బిగించి, మందును సీసాలోకి నెట్టాలి. కంటికి కనపడని క్రిమిని అది ఆపుతుంది. ఆముదం చిక్కన. చలికాలం ఆ గదిలో తేనెలా బిగుసుకుపోతుంది, ఎంత నెట్టినా కదలదు. అక్క మందు సీసాని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కూనిరాగం తీస్తూ ఎదురుచూసేది. నేను తొందరపడితే కసిరేది.

"నెట్టకే మొద్దూ! అది తలుపు కాదు, పొర. బిగుసుకుంటే వెచ్చబెట్టు. అప్పటికీ కదలకపోతే అది పారేసి కొత్తది పెట్టు. పెద్ద సిరంజితోనే చెయ్యి. చిన్నదాంతో అయితే నీ వేలికి హాయిగానే ఉంటుంది, పొరే చస్తుంది."

"వేలు విరిగిపోతోందక్కా."

"విరగనీ. గట్టిగా ఉందంటే లోపల కాపలా ఉన్నట్టు. ఉన్నట్టుండి తేలికైపోయిందనుకో, అప్పుడు భయపడు."

ఎందుకంటే ఉన్నట్టుండి తేలికైతే లోపలి పొర చిరిగిపోయినట్టు. పైకి ఏమీ కనపడదు. మందు అదే రంగు, అదే మెరుపు. అందుకే పని అయ్యాక అక్క ప్రతిసారీ ఫిల్టర్‌ని అడిగేది. అడగడం అని తనే పేరు పెట్టింది. సిరంజిలో గాలి నింపి, ఫిల్టర్ కొనను నీళ్ళ గ్లాసులో ముంచి, మెల్లగా నెట్టేది. పొర బాగుంటే గాలిని పోనివ్వదు, వేలిని ఎదిరిస్తుంది. చిరిగితే బుడగలు వస్తాయి.

నిన్న నేను అడగలేదు. పెద్ద సిరంజిలు అయిపోయాయి. చిన్నదాంతో మొదలుపెట్టాను. సగంలో బిగుసుకుంది. మార్గో ఏడుపు. మూడున్నర నెలల పిల్ల, ఏడిస్తే ఊపిరి బిగబట్టి నీలం తిరుగుతుంది. మొగుడు అడవి పనికి వెళ్తే శనివారం దాకా రాడు. గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి, మళ్ళీ కాచే ఓపిక లేదు. రెండు చేతులా పట్టి నెట్టాను. అంతే, తేలికైపోయింది. "హమ్మయ్య" అన్నాను పైకి. ఫిల్టర్ పీకి బుట్టలో పడేసి పిల్లని ఎత్తుకున్నాను.

పిల్ల ఏడుపు ఆపింది. నా భుజం మీదుగా వాషింగ్ మెషీన్ పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూస్తూ నోరు తెరిచింది. అక్క నిలబడే చోటు అది. ఈ మధ్య ఎప్పుడూ అక్కడికే చూస్తుంది. వెలుతురుని చూస్తుందిలే అని మొగుడంటాడు. ఆ గదికి కిటికీ లేదు.

సాయంత్రం జెర్మెయిన్ అత్త వచ్చి సీసా పట్టుకెళ్ళింది, గోధుమ రంగు సంచీలో అట్ల పిండి ఇచ్చి.

"ఏమే ఎలోడీ, ఈ పిల్ల నీ మొహం చూసి ఏడుస్తోందా, నా గడ్డం చూసా?"

"నీకు గడ్డమెక్కడుందత్తా!"

"పొద్దునే గీశాను, ఇదిగో అప్పుడే వచ్చేసింది. దొంగముండ, అప్పులవాడికంటే పట్టుదల." సీసాని దీపానికి ఎత్తి చూసింది. "భలే తేటగా వచ్చిందే. ఒడెట్ చేసినట్టే ఉంది."

నేను పిల్ల దుప్పటి సర్దాను.

ఇప్పుడు బుట్టలోంచి ఆ ఫిల్టర్ తీశాను. తుడిచి, సిరంజికి బిగించి, గ్లాసులో ముంచాను. జవాబు తెలిసిన ప్రశ్నే. నెట్టాను. వేలికి ఏ ఎదురూ లేదు. బుడగలు బిలబిలమంటూ వచ్చాయి. గ్లాసు నిండా. నా వెనక ఉయ్యాల కుర్చీలో మార్గో కిలకిలమంది.

తొమ్మిది నలభై ఎనిమిది. ఫోన్ చేశాను. లైన్ ఖాళీ లేదు.

ఖాళీ ఉండదు. గురువారం వాళ్ళు ముగ్గురూ ఫోన్‌లోనే ఉంటారు. ఫోర్ట్ కెంట్ ఊళ్ళో థియా, కారిబూ ఊళ్ళో బ్లాంష్, ఇక్కడ జెర్మెయిన్ అత్త. ఆ ఇద్దరి దగ్గరా పాత సీసాలే ఉన్నాయి, నిన్న చేసింది అత్తకొక్కదానికే. అత్తకి సూది అంటే చేతులు వణుకుతాయని, అక్కే మొదలుపెట్టింది ఆ అలవాటు. ఫోన్లు బల్ల మీద పెట్టి, కాసేపు కబుర్లు చెప్పుకుని, వంతులవారీగా వేసుకుంటారు. మొదటి వంతు ఎప్పుడూ అక్కది. ఒకటి, రెండు, మూడు అని అందరూ లెక్కపెడితే "అయింది, నొప్పి లేదు, పిరికిపందల్లారా" అనేది. రెండో వంతు జెర్మెయిన్ అత్తది. అత్త సెల్‌ఫోను వాళ్ళ ఇంటి కొండ కింద పనిచెయ్యదు.

ఇంకో మూడుసార్లు చేసి చూశాను. తరవాత మార్గోని దుప్పట్లో చుట్టి కారెక్కాను.

మార్చి నెల, రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడల్లా ఉంది. పదకొండు మైళ్ళు. ఎంత తొందరున్నా నలభై దాటితే కారు జారుతుంది. బంగాళాదుంపల పొలాలన్నీ తెల్లగా, చదునుగా. అక్కడే, ఆ పెద్ద కొట్టం దగ్గరే, అక్టోబరులో అక్క దుంపలు తవ్వే యంత్రం మీద తొడ గీసుకుంది. ఆ వారమే జ్వరం వచ్చింది. తొడ ఎర్రగా వాచింది. ఆస్పత్రిలో పాత పేరుతో పిలుస్తారని మూడు రోజులు వెళ్ళలేదు. వెళ్ళిన నాలుగో రోజుకి పోయింది. రక్తంలో విషం చేరిందన్నారు. యంత్రం తుప్పు అని అందరూ అన్నారు. అమ్మ ఆ యంత్రం యజమానితో ఇప్పటికీ మాట్లాడదు.

నేను కూడా యంత్రమనే అన్నాను.

కానీ ఆ వారం అక్క మందు వడకట్టింది నేను. అక్క పొలం నుంచి అలిసిపోయి వచ్చి, మెషీన్ పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుంది. నాకు ఎనిమిదో నెల, నడుము పీకేస్తోంది. పెట్టెలో అదే ఆఖరి ఫిల్టర్. బిగుసుకుంది, నెట్టాను, తేలికైపోయింది. ఆ తేలిక ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

"అడిగావా?" అంది అక్క కళ్ళు తెరవకుండానే.

"ఆ, అడిగాను" అన్నాను.

గీత పడింది కుడి తొడకా ఎడమ తొడకా, సూది వేసుకుంది కుడికా ఎడమకా అని ఎన్నిసార్లు తలచుకున్నానో. ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుంది. పొరే చిరిగిందో లేదో కూడా తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు.

జెర్మెయిన్ అత్త ఇంటి ముందు కారు ఆపేసరికి కారు గడియారం పదీ పన్నెండు. ఇంజను ఆపానో లేదో గుర్తులేదు. పిల్లని చంకనెత్తుకుని తలుపు తోసుకుని వెళ్ళాను.

అత్త వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పూల గౌను మోకాలి పైకి జరిపి ఉంది. తొడ మీద తడి దూది, చేతిలో నింపిన సూది. బల్ల మీద ఫోన్. ఎవరూ మాట్లాడటం లేదు. ఫోన్‌లోంచి ఇద్దరి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అత్త నన్ను చూసి, పెదాల మీద వేలు పెట్టింది.

"అత్తా, వద్దు. వేసుకోవద్దు."

"ఉష్. ఒడెట్ వంతు నడుస్తోందే."

నాకు అర్థం కాలేదు. ఫోన్‌లోంచి థియా మెల్లగా చెప్పింది. "నువ్వు ఎప్పుడూ చూడలేదు కదా ఎలోడీ. తను పోయినప్పటి నుంచీ మొదటి వంతు తనకే వదిలేస్తున్నాం. ఒక్క నిమిషం. తరవాతే జెర్మెయిన్."

"ఇవాళ నిమిషమేంటి, పది నిమిషాలు ఆలస్యం" అంది బ్లాంష్. "ఈ థియా కుక్క కడుపునొప్పి పురాణం చెప్పింది కాబట్టి."

"నీ మోకాళ్ళ పురాణమో?"

అత్త నవ్వలేదు. నా మొహమే చూస్తోంది. ముప్పై ఏళ్ళు మంచులో లారీ నడిపిన మనిషి, టైరు కింద రోడ్డు మారితే ముందే పసిగడుతుంది. సూదికి మూత పెట్టి బల్ల మీద దూరంగా జరిపింది.

"ఏమైందే?"

"నిన్న ఫిల్టర్ తేలికైపోయింది."

"అడిగావా?"

అదే మాట. అక్క అడిగిన తీరే. మార్గో నా చంకలో కదలడం మానేసింది. అత్త భుజం పక్కన ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది, నోరు తెరుచుకుని.

"లేదు" అన్నాను. "నిన్న అడగలేదు. ఇవాళ అడిగాను. చిరిగిపోయింది."

అత్త ఊపిరి వదిలింది. "సరే. పారేద్దాం. దానికి ఇంత..."

"అక్టోబరులో కూడా అడగలేదు."

వంటింట్లో పొయ్యి మీద కెటిల్ సన్నగా కూస్తోంది. ఎవరూ లేవలేదు.

"అక్క అడిగావా అంటే అడిగానన్నాను. అది కూడా తేలికైంది అత్తా. నాకు తెలుసు. నాకు అప్పుడే తెలుసు. యంత్రం కాదేమో. అమ్మకి కూడా చెప్పలేదు."

అత్త తన పెద్ద చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టుకుని వాటినే చూసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. ఊరడిస్తుందేమో అని కూడా భయపడ్డాను, అది ఇంకా భరించలేనిది.

"ఆ యంత్రంవాడు క్రిస్మస్‌కి మీ అమ్మకి పందిమాంసం పంపాడు" అంది చివరికి. "మీ అమ్మ దాన్ని మంచులోకి విసిరేసింది. నక్కలు తిన్నాయి."

"తెలుసు."

"నువ్వు వెళ్ళి మీ అమ్మకి చెప్పాలి."

"ఆ."

"ఇవాళే. నేనూ వస్తాను. నిన్ను క్షమించాననుకోకు, అది ఇంకా నాకు తెలీదు. ఒడెట్ నాకు..." లేచి కెటిల్ దించింది. సీసా తీసుకుని, మూత మీద నల్ల టేపుతో అడ్డంగా ఒక గీత అంటించింది, ఎవరూ పొరపాటున ముట్టకుండా. సూదిలో మందు సింకులోకి వదలకుండా చెత్త డబ్బాలోకే వదిలింది. "కూర్చో. పిల్లకి ఆకలేస్తోంది."

నేను ఆ ఖాళీ కుర్చీలో కూర్చోలేదు. పొయ్యి పక్క పెట్టె మీద కూర్చుని పిల్లకి పాలు పట్టాను. పాలు తాగుతూ కూడా మార్గో కళ్ళు పక్కకే తిప్పుతోంది.

వాళ్ళు ఇంకా లైన్‌లోనే ఉన్నారన్న సంగతి మరిచిపోయాను. ఫోన్‌లోంచి బ్లాంష్ ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తరవాత థియా, చాలా చిన్న గొంతుతో.

"జెర్మెయిన్? ఒడెట్ వంతు అయిందా?"

అత్త నా వైపు చూసింది. తరవాత ఆ కుర్చీ వైపు.

"ఇప్పుడు అయింది" అంది.