పొర లేని వైరస్

ల్యాబులో అందరూ ఆమెను సూక్ష్మం అనేవారు. మైక్రోస్కోపు మీద వంగితే పక్కన పిడుగు పడ్డా తలెత్తదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, ఏడేళ్ళ పగ. రెండేళ్ళు కళ్ళు ధారపోసి ఆమె ఒక కొత్త వైరస్‌ను పట్టుకుంటే, సైన్సు పత్రికలో ల్యాబు అధిపతి పెద్దసారు పేరు పడింది. ఆమెకు దక్కింది చివర్లో "సిబ్బందికి కృతజ్ఞతలు" అన్న ఒక్క ముక్క.

వైరస్‌కు సొంత వంటిల్లు ఉండదు. డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ కాస్త, దాని చుట్టూ ప్రొటీన్ డొల్ల, అంతే దాని ఆస్తి. బతికున్న కణంలోకి దూరి, ఆ కణం పొయ్యి మీదే, ఆ కణం సరుకులతోనే తనలాంటివాటిని వందలు వండించుకుని బయటపడుతుంది. కొన్ని జాతులు పోతూ పోతూ కణం మీది కొవ్వు పొరను కూడా కోటులా తొడుక్కుపోతాయి.

"పెద్దసారుది పొర ఉన్న జాతేనే. ఒంటి మీద కోటు కూడా మనదే," అనేది సూక్ష్మం చెల్లెలితో. చెల్లెలు పిల్లల వార్డులో నర్సు.

ఆ వారం ఆ వార్డు వాంతులు, విరేచనాలతో నిండిపోయింది. వైరస్ ఏ రకమో తేల్చమని ఆస్పత్రి అడిగింది. పొర ఉన్నదైతే స్పిరిట్ చాలు, పొర కరిగి చస్తుంది. లేనిదైతే స్పిరిట్‌ను లెక్కచేయదు, బ్లీచింగే దిక్కు.

సూక్ష్మం నమూనాలో కొవ్వును కరిగించే క్లోరోఫాం కలిపి, ల్యాబులో పెంచిన కణాల మీద వేసింది. సోమవారం చూస్తే కణాలు చెక్కుచెదరలేదు. "పొర ఉంది, కరిగింది" అని నోటుబుక్కులో రాసింది. మధ్యాహ్నానికి గానీ తన తప్పు తట్టలేదు. తాజా కణాలు సరిపోక ఆ ఒక్క గాజు డిష్షుకు మాత్రం ముసలి కణాలు వాడింది. వాటిలో ఈ వైరస్ అసలు పెరగదు. ల్యాబులో రాసింది కొట్టేయకూడదు, మళ్ళీ పరీక్ష చేసి తర్వాతి పేజీలో దిద్దాలి. దిద్దుదామంటే నోటుబుక్కేదీ? పెద్దసారు అప్పటికే చంకలో పెట్టుకుపోయాడు. "నా పరీక్షలో తేలింది, స్పిరిట్ చాలు," అని సాయంత్రానికల్లా ఆస్పత్రికి కబురు పంపేశాడు.

ఆమె తాజా కణాలతో మళ్ళీ పరీక్ష పెట్టింది. బుధవారం ఉదయం చూస్తే కణాలు ముడుచుకుని, ఊడి తేలుతున్నాయి. క్లోరోఫాం తాగి కూడా వైరస్ నిక్షేపంగా ఉంది. ఫోటో తీసి, చెప్పడానికి ఫోన్ అందుకుంది. శనివారం ఆస్పత్రి సమావేశంలో అందరి ముందూ ఈ పరీక్ష మీదే సారు ప్రసంగం ఉందని గుర్తొచ్చి, ఫోన్ పెట్టేసింది. ఎంతలో, మూడు రోజులే కదా!

గురువారం చెల్లెలే ఫోన్ చేసింది. "అక్కా, రుద్ది రుద్ది తుడుస్తున్నాం. అయినా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారేంటే?"

"సారు చెప్పినట్టు చెయ్యండి," అంది సూక్ష్మం. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది, అదీ చోద్యం.

శనివారం సారు ప్రసంగం అయ్యీ అవగానే ఆమె లేచింది.

"సార్, ఏ కణాలు వాడారు?"

"మంచివేనమ్మా."

"తాజావా, ముసలివా?"

సారు నోటుబుక్కు పేజీలు తిరగేశాడు. ఆమె ఫోటో తెర మీద పెట్టి సంగతంతా విప్పింది. "ఇంతకీ ఈ పరీక్ష మీరే చేశారా?" అని అధ్యక్షురాలు అడిగితే "అంటే, మా సిబ్బంది..." అని నసిగాడు. హాలంతా గొల్లుమంది. సూక్ష్మానికి కడుపు నిండిపోయింది. ఏడేళ్ళుగా ఆమె కోరుకున్న నవ్వు అది.

వార్డు తరఫున వచ్చిన చెల్లెలు తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"చూశావా ఆయన మొహం?" అంది సూక్ష్మం, పట్టలేని సంతోషంతో.

"ఫోటో మీద తేదీ చూశాను. బుధవారం."

సూక్ష్మం తెర వైపు తిరిగి చూసింది.

"మూడు రోజుల్లో తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. నా చేతులకీ స్పిరిటే రాసుకుని ఇంటికెళ్ళాను. పొద్దున్నుంచి మా బుజ్జిదానికి వాంతులు. తొమ్మిదో మంచం దానిదే."

"ఆయన వల్లేనే ఇదంతా..." అంటూ సూక్ష్మం చెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు వెనక్కి జరిగింది.

"ఆయన తెలీక చెప్పాడక్కా. నువ్వు తెలిసి చెప్పావు."