పచ్చికర్ర ఈల

పెద్ద వరద వచ్చిన ఏడు. నీళ్లు తీసి నెల కాలేదు.

నేను సామిల్లులో దుంగలు వదిలేవాణ్ని. దిబ్బ మీద నిలబడి, కొక్కెం తీసి, దుంగను కిందికి దొర్లించడం నా పని. కింద రంపం దగ్గర మా బావమరిది. దుంగ వదిలేముందు నేను గంట నొక్కాలి, వాడు పక్కకి తప్పుకోవాలి. వరదకి గంట చచ్చిపోయింది. కొత్తది కొందామంటే కొట్లన్నీ ఇంకా బురదలోనే ఉన్నాయి.

కేకెయ్యమన్నారు. నా కేక నాకే వినపడదు. రేకు డబ్బా కొట్టి చూశాను. రంపం మోతలో అదీ రంపం మోతే. ఆ సోమవారం ఒక దుంగ మా బావమరిది మడమని రాసుకుంటూ పోయింది. చెప్పు నుజ్జయింది.

మేస్త్రి దిబ్బ ఎక్కి వచ్చాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు? రేపు నీ కూత కిందికి వినపడకపోతే, ఎల్లుండి ఇక్కడ ఇంకొకడుంటాడు."

ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంకోటి రాదు.

ఇంటికి రాగానే కత్తి పట్టుకుని కూర్చున్నాను. మిల్లు నుంచి మంచి ముక్కలు తెచ్చుకున్నాను, రెండేళ్లు నీడలో ఆరినవి. మా పనిలో పచ్చికర్రంటే చులకన. వంగుతుంది, పగులుతుంది. ముక్క మధ్యలో తొలిచాను. చీలింది. ఇంకోటి తొలిచాను. అదీ చీలింది.

మా అత్త గడప దగ్గర బట్టలు మడత పెడుతోంది. చిన్నప్పుడు ఈలలూదుతూ బాతులు కాసిన మనిషి.

"ఏంటల్లుడూ, పళ్లు కుట్టుకోవడానికా?"

"ఈల."

"ఎండుకర్రతోనా?"

"మంచి కర్ర అత్తా."

"చచ్చిన కర్ర. ఇన్నేళ్లు కర్రల్లో బతికావు, చెట్టుని ఎప్పుడైనా చూశావా? లే. ఆ రంపం కాడ ఉండేది నా కొడుకు."

లోపల మా ఆవిడ కిసుక్కున నవ్వింది.

వెలుగుండగానే మా అత్త నన్ను కాలవ గట్టుకి తీసుకెళ్లింది. మునిగి తేలిన చెట్లు కొత్త కొమ్మలేశాయి. వేలి లావున, కణుపు లేని కొమ్మ కోయించింది. ఒక చివర ఏటవాలుగా చెక్కమంది. దాని వెనక చిన్న గాటు. జానెడు దూరాన బెరడు చుట్టూ గీత. తర్వాత ఉమ్మితో తడిపి, కత్తి పిడితో కొట్టమంది.

కొట్టాను. బెరడు చిట్లింది.

"దుంగ కాదు నాయనా. పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టు."

రెండో కొమ్మ చాలాసేపు తట్టాను. మెలితిప్పితే బెరడు కదిలింది. గొట్టంలా ఊడి చేతిలోకొచ్చింది. లోపలి కర్ర తెల్లగా, చేపలా జారుతోంది. అలాంటి కర్ర నేనెప్పుడూ ముట్టుకోలేదు. గాటు లోతు చేసి, నోటి వైపు కాస్త చదును చేసి, బెరడు మళ్లీ తొడిగాను.

ఊదాను. అవతలి గట్టున పడుకున్న కుక్క లేచి నిలబడింది.

"ఇప్పుడొచ్చింది నీకు నోరు," అంది మా అత్త.

రాత్రికి తడిగుడ్డలో చుట్టి పెట్టాను.

మర్నాడు మేస్త్రి చేతులు కట్టుకుని రంపం పక్కనే నిలబడ్డాడు. నన్ను ఓడించడానికి రెండో రంపం కూడా వేయించాడు. కొక్కెం మీద చెయ్యేసి ఊదాను. మా బావమరిది పైకి చూడకుండానే పక్కకి గెంతాడు. మేస్త్రీ గెంతాడు. పొట్టు గుట్టలో నడుం దాకా కూరుకుపోయాడు. దుంగ తిన్నగా వచ్చి బల్లకి ఆనుకుంది. పనివాళ్లు రెండు రంపాలూ ఆపి మరీ నవ్వారు.

మేస్త్రి మీసంలో పొట్టు దులుపుకున్నాడు.

"వినపడింది," అన్నాడు.

ఆ రోజు నలభై మూడు దుంగలు వదిలాను. ప్రతిదానికీ ఊదాను. దుంగ లేకుండా కూడా రెండుసార్లు ఊదాను.

పొద్దు వాలేసరికి బెరడు ఎండి ఈల బొంగురుపోయింది. మర్నాడు తెల్లవారగానే కాలవ గట్టుకి పోయి, ఇంకో కొమ్మ కోసి, తట్టి, బెరడు తీసి తొడిగి, మేస్త్రి రాకముందే దిబ్బ ఎక్కాను.