తలుపు కింద బాతు కాలు

యూదుల ఉపవాస దినానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా, మొగుడి జ్ఞాపకార్థం రాయిస్తున్న ప్రార్థన పుస్తకం చూసుకోవడానికి బ్రూనా లేఖకుడు జెలిక్‌మన్ ఇంటికి వెళ్లింది. ఈ ఏడు వోర్మ్స్ ఊళ్లోని తమ ప్రార్థన మందిరంలో ఆ రోజు ముగింపు ప్రార్థన ఆ పుస్తకంలోంచే చదివించాలని ఆమె మొక్కు.

జెలిక్‌మన్ మాడిన ముఖంతో పేజీ ముందుకు తోశాడు. మొదటి మాట పెద్ద బంగారు అక్షరాల్లో మెరుస్తోంది. దాని చుట్టూ గడిలో, ముగింపు ప్రార్థన వేళ మూసుకునే స్వర్గద్వారం ఉండాలి. ఉన్నది విందు బల్ల. దాని మీద కాల్చిన పెద్దబాతు.

"పచ్చి మంచినీళ్లు ముట్టని రోజుకా ఈ బాతు?" అంది బ్రూనా.

"నన్ననకు బ్రూనమ్మా. మొదటి పేజీల కట్టకి తలుపు, రెండో కట్ట పందిళ్ల పండుగది, దానికి విందు అని చెప్పాను. ఈ మహానుభావుడు ఎడమ నుంచి లెక్కపెట్టాడు!"

మూల కూర్చున్న చిత్రకారుడు డీట్మార్ చేతులూపాడు. "మా చర్చి పుస్తకాలన్నీ ఎడమ నుంచే మొదలవుతాయి. మీవి వెనక నుంచని నాకేం తెలుసు?"

"ముప్పై ఏళ్లుగా మా వీధిలో ఉంటున్నావు కదయ్యా!"

"ఉంటే? మీరు నడిచేది ముందుకేగా!"

కబురందుకుని వచ్చిన మందిరం గురువుగారు బొమ్మ చూసి తల అడ్డంగా ఊపారు. "ఇది ప్రార్థన పాడే గాయకుడి ముందు పెట్టను. పొద్దుటి నుంచి మాడిన మనిషి నోట ప్రార్థన వస్తుందా, నీళ్లూరతాయా?"

బ్రూనా గుండె జారింది. "గురువుగారూ, మా ఆయన నలభై ఏళ్లు ఒక్క ఉపవాసం తప్పలేదు. మధ్యాహ్నం దాటాక బాతు ఊసెత్తని ఏడూ లేదు. ఆయన పేరున రాసిన పుస్తకం ఇలాగే ఏడవక ఇంకెలా ఏడుస్తుంది?"

గురువుగారి గడ్డం చాటున నవ్వు కదిలింది. "సరే. బల్లంతా కప్పేలా పైన మూసిన తలుపు బొమ్మ వేయించు. బాతు కనపడకూడదు."

డీట్మార్ గొళ్లెంతో సహా తలుపు వేశాడు. తలుపు కాస్త పొట్టిదైంది. కింద బాతు కాలొకటి మిగిలింది. బ్రూనా చూసింది. పుస్తకం మూసి గాయకుడికి పంపించింది.

ఉపవాసం నాడు పొద్దు వాలాక గాయకుడు వీవెలిన్ ఆ పేజీ తిప్పి గొంతెత్తాడు. మొదటి మాట మధ్యలోనే కళ్లు తలుపు కింది కాలు మీద పడ్డాయి, పాట తడబడింది. ఇంకోసారి ఎత్తాడు. మళ్లీ వణికింది.

"పాపం, మన పాపాలకి ఎంత కుమిలిపోతున్నాడో!" అని ఆడవాళ్ల గదిలో గూట్లిన్ వెక్కింది. దాంతో గదంతా గొల్లుమంది.

బ్రూనా శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలూ ఊగుతున్నాయి. అవి ఎందుకు ఊగుతున్నాయో, మొగుడు బతికుంటే, ఆ మందిరంలో ఆయనొక్కడికే తెలిసేది.