పాత మనిషి

క్రితిక ఆక్లండ్‌లో యూనివర్సిటీ విద్యార్థులకు ప్రాచీన రోమ్ చరిత్ర చెబుతుంది. నాలుగో శతాబ్దంలో చాలామంది బాప్తిస్మాన్ని చావు దగ్గరపడేదాకా వాయిదా వేసేవారని, నీళ్లలో మునిగితే అంతవరకూ చేసిన పాపాలన్నీ పోతాయని వాళ్ల నమ్మకమని చెప్పినప్పుడల్లా క్లాసు నవ్వుతుంది. ఈ ఏడాది ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె తండ్రి రంగస్వామి డెబ్బయ్యో ఏట అదే ఊళ్లో న్యూ లిన్ పేటలోని ఒక చర్చిలో చేరాడు. పన్నెండేళ్లుగా మాటల్లేని కూతురి ఇంటికి, మౌంట్ ఆల్బర్ట్ పేటకి, ఆ ఏడాదే వచ్చాడు. లోపల, కూతురి దగ్గరే ఉంటున్న తల్లి రాజ్‌కుమారి బట్టలు మడతపెడుతోంది. న్యూజిలాండ్ రాకముందు, ఫిజీలో ఉండగా అతను కొట్టిన దెబ్బకి ఆవిడ కుడి చెవికి వినికిడి పోయింది.

“ఆదివారం నా బాప్తిస్మం. మీరిద్దరూ రావాలి,” అన్నాడు గుమ్మంలోనే నిలబడి. “ఆ పాత మనిషి చచ్చిపోయాడమ్మా. ఇప్పుడు నాది కొత్త ఆత్మ.”

“మరి అమ్మని కొట్టిందెవరు నాన్నా, ఆ చచ్చిపోయినాయనా?”

“దేవుడే మర్చిపోయాడు. మీరూ మర్చిపోవాలి.”

“నేను పాఠం చెప్పే ఆ రోమ్ కాలంలో పెద్ద తప్పు చేసినవాళ్లని చర్చి గుమ్మం బయటే ఏళ్ల తరబడి ఏడుస్తూ నిలబెట్టేవారు. నువ్వు అంత చెయ్యక్కర్లేదు. అందరి ముందూ అమ్మని కొట్టానని ఒక్క మాట ఒప్పుకో.”

సరేనన్నాడు. అతను ఒప్పుకోకూడదని క్రితిక మనసులో కోరుకుంది.

ఆదివారం రంగస్వామి తెల్ల అంగీతో నడుంలోతు నీటి తొట్టిలో నిలబడి మైకు అందుకున్నాడు. “నేను తాగేవాణ్ని. కోపం ఎక్కువ. ప్రభువు నన్ను మార్చాడు,” అన్నాడు ఇంగ్లీషులో. చప్పట్లు మోగాయి.

తల్లి పక్కన కూర్చున్న క్రితిక లేచింది. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే చెప్పింది: ఏ ఊరు, ఏ రోజు, ఏ చేయి, చెవిలోంచి ఎంతసేపు రక్తం కారింది. పాస్టరు అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు. “ఈరోజుకి ఆపుదాం,” అన్నాడు మెల్లగా. తండ్రి నీళ్లలో వణుకుతూ నిలబడ్డాడు. క్రితికకి కలిగిన సంతోషం ఆమెనే భయపెట్టింది.

ఇంటికి వెళ్తూ కారులో తల్లిని అడిగింది క్రితిక:

“కోపమొచ్చిందా అమ్మా?”

“దెబ్బ నాది. చెప్పింది నువ్వు.”

క్రితిక కారు రోడ్డు పక్కన ఆపింది.

“మళ్లీ ఎప్పుడు ముంచుతారంట?” అడిగింది రాజ్‌కుమారి.

“బహుశా వచ్చే నెల.”

“అయితే ఆ రోజు నేను మాట్లాడతా. నువ్వు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పు. మీ నాన్న పోగొట్టింది ఒక్క చెవే కాదు.”