ఊటగుంట దగ్గర పిలిచిన పేరు

మందలోంచి తప్పిపోయిన లామాను వెతుక్కుంటూ కొండ వెనక లోయలోకి దిగిన జెనోబియో అక్కడి ఊటగుంటలో కాలుజారి పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు గానీ, ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మంచం దిగలేదు. తిండి లేదు, మాట లేదు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎవరినీ చూడవు.

బొలీవియా ఉప్పు మైదానాల అంచున, ఎత్తైన కొండల్లో, వాళ్లది ఒంటిల్లు. ఇంకో పొయ్యి పొగ కనబడాలంటే పూటంతా నడవాలి.

"జడుసుకున్నాడే. ఆత్మ అక్కడే ఉండిపోయింది," అని తల్లి డొమితిలా కొడుకు టోపీ తీసి కోడలు కసిమిరా చేతికిచ్చింది. "పోయి పేరు పెట్టి పిలుచుకురా. వెనకాలే వస్తాడు. ఇల్లు చేరేదాకా తిరిగి చూడకు."

మధ్యాహ్నమే మబ్బు నేలకు దిగింది. కసిమిరా గుంట గట్టున నిలబడి టోపీ ఊపింది. "జెనోబియో! రావయ్యా, ఇంటికి పోదాం!"

"వస్తున్నా," అంది మొగుడి గొంతు, చాలా దగ్గర్నుంచి.

ఆమె ఇంటిదారి పట్టబోయి ఆగింది. ఆత్మ బదులు పలుకుతుందని అత్త చెప్పలేదు. అయినా నడిచింది. వెనక గులకరాళ్ల మీద తడి అడుగుల చప్పుడు. ఇంట్లోకి వచ్చి టోపీ మొగుడి తలకు పెట్టగానే అతను చటుక్కున లేచి కూర్చున్నాడు.

"ఆకలేస్తోంది," అన్నాడు నవ్వుతూ.

డొమితిలా ఆనందం పట్టలేక ఏడుస్తూనే కినోవా గింజల జావ పోసింది. పొగలు కక్కే జావను ఊదుకోకుండా గటగటా తాగేసి ఇంకా పొయ్యమన్నాడు.

"ఓరి రాక్షసుడా! నోరు కాలదట్రా?" అని మురిసిపోయింది తల్లి.

అప్పుడే కొండ మీంచి కేక. బొంగురుపోయినా అది మొగుడి గొంతే. "కసిమిరా! ఆగవే! నన్నొదిలేసి పోతావేం?"

"గాలి," అన్నాడు మంచం మీది మనిషి. "తలుపు వేసెయ్."

కసిమిరా అతని కళ్లలోకి చూసింది. లేచి కూర్చున్నప్పటి నుంచీ ఒక్కసారైనా రెప్ప వేయలేదు. ఆమె అతని తలమీది టోపీ లాక్కుని మబ్బులోకి పరుగెత్తింది. "జెనోబియో! ఇక్కడున్నానయ్యా!"

కేక ఆగిపోయింది. బదులేమీ రాలేదు. చేతిలో టోపీ మాత్రం, కోడిపిల్లను పట్టుకున్నట్టు వెచ్చబడింది. దాన్ని గుండెకు హత్తుకుని తిరిగొచ్చింది.

మొగుడు మళ్లీ వాలిపోయి ఉన్నాడు. టోపీ పెట్టగానే మెల్లగా రెప్పలార్చి, నీళ్లడిగాడు. డొమితిలా గోడకు అతుక్కుపోయి ఉంది.

"ఏమైందత్తా?"

"నువ్వు బయట పిలవగానే వీడు వెనక్కి ఒరిగిపోయాడు. తలుపు దానంతటదే కొట్టుకుంది. పోతూ పోతూ అది నన్ను అడిగిందే..." ముసలామె తలుపు వైపు చూసింది. "'అమ్మా, ముందు పిలిచింది నన్నే కదా?' అంది."

జెనోబియో కోలుకుని మళ్లీ మందను తోలుకెళ్తున్నాడు. ఒకసారి ఉప్పు బేరగాడొకడు దూరం నుంచే అతన్ని పేరు పెట్టి కేకేశాడు. జెనోబియో నోరు తెరవకముందే లోయలోంచి ఎవరో పలికారు.

అప్పట్నుంచి ఆ ఇంటివాళ్లెవరూ ఆరుబయట అతని పేరెత్తరు. పనిబడితే కసిమిరా మంద దాకా నడిచి వెళ్లి, భుజం తడుతుంది.