ఫ్లాట్‌హెడ్‌కి వాహన పూజ

తారు నేల మీద పరిచిన ఎర్ర కార్పెట్ చూడగానే మీనా చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది.

అది రేసు బళ్ళు ఆపుకునే చోటు. చుట్టూ ఆయిలు మరకలు, అరిగిన టైర్లు, పెట్రోలు వాసన. పక్క బళ్ళవాళ్ళు బోల్టులు బిగించుకుంటూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. తమ బండి దగ్గర మాత్రం కార్పెట్టు, తెలుగు సంఘం బ్యానరు, ఇడ్లీ ట్రేలు, పట్టుచీరలు. ఇంతమందిని పోగేసిన ఘనుడు ఆమె మొగుడు ఫణి. మిషిగన్‌లో వాళ్ళుండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్. అక్కడి తెలుగువాళ్ళు సగం మంది అప్పటికే దిగారు. మిగిలిన సగానికి అతను ఫోన్‌లో దారి చెబుతున్నాడు.

"ఎందుకు పిలిచావ్ వీళ్ళందర్నీ?" అంది మీనా.

"సపోర్ట్ చేద్దామని వచ్చారు మీనా. భీమశంకర్ అంకుల్ పర్సనల్‌గా అందరికీ ఈమెయిల్ పెట్టారు. తెలుగు లేడీ డ్రాగ్ రేసర్ అని. నువ్వు కాస్త నవ్వుతూ ఉండు, చాలు."

ఆమెకి కావలసింది సపోర్టు కాదు. ఎదురుగా కనిపిస్తున్న ఆ పావు మైలు తిన్నని దారి. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తకుండా, ఒక్కసారి నడపాలి. ఆ ఒక్కసారీ ఈ రోజే. ఈ రోజు పోతే ఇంకెప్పుడూ లేదు.

ఎందుకంటే బండి ఆమెది కాదు, లెన్నార్ట్‌ది. ఆయన స్వీడన్ దేశస్తుడు. కుర్రతనంలో అక్కడ పాడుబడ్డ విమానాశ్రయం రన్‌వే మీద రేసులు ఆడినవాడు. ఉద్యోగానికి మిషిగన్ వచ్చేస్తూ బట్టలకంటే ముందు ఇంజన్ని ఓడెక్కించాడట. పాత ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజను అది. వాల్వులన్నీ పొట్టలోనే దాచుకుని, పైన పళ్ళెం బోర్లించినట్టు చదునుగా ఉంటుంది కనక దాన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. కాలం చెల్లిన సరుకే. ఈ రోజుల్లో కూరగాయలు తెచ్చుకునే కారుకి కూడా అంతకంటే మంచి ఇంజను ఉంటుంది. కానీ దాని చప్పుడు విన్నవాళ్ళకి వేరే చప్పుడు రుచించదు.

ఇంజన్లు పరీక్షించే ల్యాబులో మీనా చేరిన కొత్తలో లెన్నార్ట్ ఆమెకి పైఅధికారి. ఆయన రిటైరయ్యాక ఒకసారి చూద్దామని ఇంటికి వెళ్ళిన మీనా, గ్యారేజీలో టార్పాలిన్ కింద ఆ ఇంజను చూసి ఇంక వదల్లేదు. ఏళ్ళ తరబడి శని, ఆదివారాలు ఇద్దరూ అక్కడే. సన్నటి గొట్టాలు అతికించి పొడుగాటి చట్రం కట్టారు. ముందు ఇంజను, దాని వెనక, వెనక చక్రాలు కూడా దాటాక, నడిపే మనిషి కూర్చునే గుంట. బండి పూర్తయ్యేసరికి లెన్నార్ట్ గుండె మొరాయించింది. నడపడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. "సీటు నీది" అన్నాడాయన. ఆ మాటకి మీనా ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. ఫణి సాంబార్లో ఉప్పు తక్కువైందని తలుపు కొట్టాడు.

ఇప్పుడు భార్య పోయి ఒంటరివాడైన ముసలాయన స్వీడన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సోమవారం బండి కంటైనర్ ఎక్కుతుంది. ఆయన కుర్రతనపు క్లబ్బువాళ్ళు అక్కడ ఎదురు చూస్తున్నారు. వేసవంతా మీనా సగం దూరం పరుగులు చేసి లైసెన్సు తెచ్చుకుంది. పూర్తి పరుగు ఈ రోజు ఇస్తామన్నారు స్ట్రిప్ వాళ్ళు, అంటే ఆ రేసు దారి నడిపేవాళ్ళు. లెన్నార్ట్ ఆ సంగతి మాట్లాడ్డానికే పరుగులు మొదలుపెట్టించే స్టార్టర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు భీమశంకర్ దిగాడు.

సంఘానికి ఆయన మాజీ అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు కూడా. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, ఆయన చెయ్యి పడితేగాని ఆ ఊళ్ళో తెలుగు పిల్లకి పుట్టినరోజు కూడా కాదు. పట్టుపంచె మీద ఫ్లీసు జాకెట్టు, నుదుట బొట్టు, చేతిలో పూజ పళ్ళెం.

"అమ్మా మీనా, చాలా ప్రౌడ్‌గా ఉంది తల్లీ. కొత్త బండికి వాహన పూజ లేకుండా ఎలా? నేనుండగా అలా జరగనిస్తానా?"

"కొత్త బండి కాదండీ, అరవై ఏళ్ళ ఇంజను."

"మరీ మంచిది. పాతవాటికే దిష్టి ఎక్కువ."

వెనక టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. రాత్రంతా మెరుగు పెట్టిన ఇంజన్ తలల మీద వేళ్ళతో పసుపు పులిమాడు, కుంకుమ అద్దాడు. పొగగొట్టానికి మందారం గుచ్చాడు. పక్క బండి అమెరికన్లు మర్యాదగా చూస్తున్నారు. ఆ మర్యాదే మీనాకి మరీ రోతగా ఉంది. పూజ అంటే ఆమెకి రోత లేదు. ఇంట్లో దీపం ఆమే పెడుతుంది. కానీ ఇక్కడ దేవుణ్ణి చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ కెమెరానే చూస్తున్నారు.

"ఈ మూతేంటమ్మా పైన?" అన్నాడు భీమశంకర్.

ఇంజను నెత్తిన వరసగా మూడు కార్బురేటర్లు, ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. గాలి పీల్చేది వాటితోనే. ఇంజను ఆగి ఉన్నంతసేపూ వాటి మీద అల్యూమినియం మూత ఉండాలి. లెన్నార్ట్‌కి దేవుడూ లేడు, చర్చీ లేదు గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం మహా మడి.

"అది తీయకూడదండీ. లోపల ఏమైనా పడితే ప్రమాదం."

"ఒక్క నిమిషమే తల్లీ. ఆ మూడు గొట్టాలూ మెరుస్తూ కనిపిస్తే సావనీర్ కవర్ మీద ఎంత బాగుంటుంది? ఫణీ, నువ్వు చెప్పవయ్యా."

"తీసెయ్ మీనా, పెద్దాయన అడుగుతుంటే" అన్నాడు ఫణి పళ్ళ మధ్య నుంచి.

ల్యాబులో తనకంటే పైవాళ్ళని నిలబెట్టి, మీ డిజైన్ తప్పు, సంతకం పెట్టను అని చెప్పగల మనిషి మీనా. ఆ మనిషి ఇప్పుడు ఏ గాలికి కొట్టుకుపోయిందో. చుట్టూ చీరలు, చిరునవ్వులు, ఎత్తిపట్టిన కెమెరాలు. వద్దంటే ఆయన ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఆ తర్వాత ఏ పేరంటానికి వెళ్ళినా ఇదే మాట. మొహమాటానికి పోతే కడుపైందట వెనకటికి ఒకావిడకి. మీనా వంగి, మరలు తిప్పి, తన చేత్తోనే మూత తీసి పక్కన పెట్టింది.

ఫోటోలయ్యాయి. మూత వెయ్యబోయింది. ఈలోగా భీమశంకర్ పళ్ళెం చుట్టూ తిప్పాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, తలా ఒక గుప్పెడు తీసుకున్నారు. అక్షింతలు. పెళ్ళిలో వేసినట్టు అందరూ ఒక్కసారే విసిరారు.

మీనా రెండు చేతులూ చాచి ఆ మూడు నోళ్ళూ మూయబోయింది. మూడు నోళ్ళకి రెండు చేతులు ఎక్కడ చాలుతాయి? పసుపు బియ్యం ఆమె తల మీద పడింది, చట్రం మీద పడింది, టపటపమంటూ కార్బురేటర్ల మీదా పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు చాచింది దణ్ణం పెట్టడానికనుకున్నారు.

అప్పుడే మైకులో ఆమె బండిని లైనుకి పిలిచారు.

మీనా టార్చి తీసి లోపలికి చూసింది. అంచుల మీద గింజలు కనిపించాయి, ఏరింది. వేళ్ళకి నెయ్యి జిడ్డు తగిలింది. ఎవరో శ్రద్ధగా నెయ్యి కూడా కలిపారు. అడుగున ఉన్న రేకు తలుపులు దాటాక అంతా చీకటి. అక్కడ ఏమీ లేకపోవచ్చు, గుప్పెడు ఉండనూ వచ్చు. తెలుసుకోవాలంటే కార్బురేటర్లూ వాటి కింది గొట్టాలూ మొత్తం విప్పాలి. విప్పితే వంతు పోతుంది. ఎందుకు విప్పుతున్నావని ఇంతమంది అడుగుతారు. మీరు వేసిన అక్షింతల వల్ల అని ఇంతమంది ముఖాన చెప్పాలి. మీనా తల మీదా చట్రం మీదా ఉన్న గింజలు దులిపేసి, మూత మళ్ళీ బిగించింది.

లెన్నార్ట్ వగరుస్తూ వచ్చాడు. ముసలి ముఖం నిండా సంతోషం. నిమ్మకాయలు చూసి నవ్వాడు, పసుపు చూసి ఇంకా నవ్వాడు.

"పూర్తి పరుగు. ఒప్పుకున్నారు. అంతా శుభ్రంగా ఉందా?"

"శుభ్రంగా ఉంది" అంది మీనా.

ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే ఆమెకి తన మీద తనకి అసహ్యం వేసింది. అయినా హెల్మెట్ పెట్టుకుంది.

లెన్నార్ట్ మూత తీశాడు, ఇంజను వెంటనే అందుకుంది. గరగరమని, గొంతు సవరించుకుని పాటకి కూర్చున్నట్టు, సమంగా మోగింది. ఒక్క తడబాటు లేదు. మీనాకి ప్రాణం లేచి వచ్చింది. ఏమీ పడలేదు, ఊరికే భయపడ్డాను అనుకుంది. నెయ్యి జిడ్డుకి గోడలకి అంటుకున్న గింజలు, నెమ్మదిగా తిరిగే ఇంజను గాలికి ఊడవని ఆ క్షణాన ఆమెకి తోచలేదు. తోచలేదని కాదు, తోచనివ్వలేదు.

పచ్చ దీపం వెలిగింది. పాదం అదిమింది.

వీపుని ఎవరో సీటులోకి గుద్దినట్టయింది. ఎదురుగా ఇంజను, దాని రెండు పక్కలా దారి, అంతే ప్రపంచం. చెవుల్లో ఆ పాత చప్పుడు, ఎనిమిది గొంతులు ఒకటై. ఇన్నేళ్ళ శని, ఆదివారాలూ దీనికోసమే. ఇది చాలు అనిపించింది. ఇంకా కావాలి అని కూడా అనిపించింది.

సగం దూరం రాకముందే పేలింది.

పెద్ద చప్పుడుతో కార్బురేటర్ల నోళ్ళలోంచి మంట వెనక్కి ఎగదన్ని, సరిగ్గా ఆమె ముఖం మీదికి వచ్చింది. హెల్మెట్ అద్దం ఎర్రబడింది. పెట్రోలు కట్టేసి, బ్రేకు లాగి, ఎలాగో గోడవారకి తెచ్చి ఆపింది. స్ట్రిప్ మనుషులు పరుగెత్తుకొచ్చి తెల్ల పొడి కొట్టారు. ఆ పొడి మూడు నోళ్ళలోకీ కడుపునిండా దిగింది. ఆమెకి ఏమీ కాలేదు. స్టార్టర్ వచ్చి ఇంజను ముట్టుకు చూసి, ఈ బండికి ఈ రోజు ఇంతేనని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

బండిని కార్పెట్టు దగ్గరికే లాక్కొచ్చారు. జనం చప్పట్లు కొడుతున్నారు. అదేదో ఆటలో భాగం అనుకున్నారో ఏమో. ఈ పరుగు పరుగు కాదని, ఈమె చేరవలసిన చోటికి చేరలేదని ఒక్కరికీ తెలియలేదు.

"చూశారా?" అన్నాడు భీమశంకర్, గొంతు పెంచి. "దిష్టంతా ఆ మంటలో పోయింది. పూజ చేశాం కాబట్టి పిల్ల క్షేమంగా దిగింది. లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి."

"అవునవును" అన్నారందరూ. ఫణి కూడా అన్నాడు. పక్కనెవరో ఇడ్లీలోకి చట్నీ అడిగారు.

మీనా వెళ్ళి లెన్నార్ట్ పక్కన కూర్చుంది. ఆయన అప్పటికే కార్బురేటర్ల కింది గొట్టాలు విప్పుతున్నాడు. పైకెత్తి పక్కన పెట్టాడు. లోపల పొడి మధ్య బియ్యం గింజలు. కొన్ని మాడి నల్లబడ్డాయి, కొన్ని ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఒక వాల్వు సందులో గింజ నలిగి ఇరుక్కుని ఉంది. ఆ వాల్వు మూసుకోలేదు, అందుకే మంట వెనక్కి తన్నింది. ఇద్దరికీ ఒకరికొకరు చెప్పుకోవలసిన పనిలేదు.

ఆయన ఒక గింజ గోటితో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏమిటిది?"

"బియ్యం. దీవించడానికి వేస్తారు."

"పడటం చూశావా?"

"చూశాను."

"అప్పుడు మూత లేదా?"

"నేనే తీశాను. ఫోటో కోసం. ఆయన అడిగారు."

లెన్నార్ట్ పట్టుపంచె వైపు చూశాడు. కోపం లేదు ఆయన ముఖంలో. అర్థం చేసుకోవాలని నిజంగానే ప్రయత్నిస్తున్నాడు.

"మీ బంధువా?"

"కాదు."

"ఫణి బాసా?"

"కాదు."

"మరి ఆయన నీకు ఏమవుతాడు?"

"ఏమీ కాడు" అంది మీనా.

ఆయన స్పానరు తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. తిట్టి ఉంటే బాగుండునని మీనాకి అనిపించింది. యాభై ఏళ్ళుగా ఒక్క గింజ పడనివ్వని మనిషి దగ్గర, ఇంత జరిగాక, ఆ నెమ్మదే ఆమె భరించలేకపోయింది. క్షమించమని అడగవలసింది పోయి, కింద పడ్డ గింజలు ఒక్కొక్కటీ ఏరసాగింది.

"మీనా, అమ్మా, ఇలా రా." భీమశంకర్ పిలుస్తున్నాడు. ఆయన చేతుల మీద జరీ అంచు శాలువా ఉంది. "సన్మానం చేద్దామని తెచ్చాం. రేసు సగంలో ఆగితే ఏం, తెచ్చిన శాలువా వెనక్కి తీసుకెళతామా?"

వద్దని చెప్పాలి. ఈసారి చెప్పాలి. పోవలసింది పోయింది, ఇంక భయపడటానికి ఏం మిగిలిందని? నోటి దాకా వచ్చింది మాట. ఇంతలో ఆయనే నాలుగడుగులు వేసి దగ్గరికొచ్చి, శాలువా విప్పి, రెండు చేతులా పైకెత్తాడు. చీరలన్నీ ఇటు తిరిగాయి.

మీనా మెడ దానంతట అదే వంగింది.

శాలువా భుజాల మీద పడింది. చప్పట్లు మోగాయి. నవ్వమన్నారు, నవ్వింది. పక్కనే లెన్నార్ట్, చేతులకి మసితో, అడ్డం రాకూడదని కాస్త పక్కకి జరిగాడు.