బుడ్డోడికి గోడ లేదు

పొద్దున్నే గంగామణి ఇంట్లో మొదట పొయ్యెక్కేది చాయ్ గిన్నె కాదు, కోడిమాంసం గిన్నె. ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లిగడ్డ అసలే లేదు. ఎముకలు తీసిన ముక్కలను మెత్తగా ఉడికించి, గుప్పెడు అన్నంలో చిదిమి, గోరువెచ్చగా ఉండగానే బుడ్డోడి ముందు పెట్టి, ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు ఏరే పనికి పోయేది. బుడ్డోడంటే పిల్లాడు కాదు, పదమూడేళ్ల ముసలి కుక్క. ఆమె మొగుడు నడిపయ్య బతికున్నప్పుడు యార్డులో పసుపు కుప్పల మధ్య దొరికితే చేతిసంచిలో వేసుకొచ్చాడు. నడిపయ్య పోయాడు. కుక్క మిగిలింది, పేరు మిగిలింది.

బుడ్డోడు నాలుగు ముద్దలు తిని, మూతి నాక్కుని, వాకిట్లోని గోడలోంచి అవతలికి పోయేవాడు. గోడ దూకి కాదు, చుట్టూ తిరిగి కాదు, గోడలోంచే.

ఆ గోడ లేచి ఎనిమిదేళ్లు. నడిపయ్యకూ తమ్ముడు లింబాద్రికీ పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర తగాదా మొదలైంది. కడాయిని రెండు ముక్కలు చేయలేరు కదా! నాకు దక్కనిది నీకూ దక్కొద్దని దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి అమ్మేసి, ఇంటిని మాత్రం నడిమికి కోసి ఇటుక గోడ కట్టారు. పంపకాల కాగితంలో గిన్నెలు రాశారు, గడ్డపారలు రాశారు, ఆఖరికి రోకలి కూడా రాశారు. బుడ్డోడి పేరు రాయడం మరిచారు. కాబట్టి ఆ గోడ వాడికి వర్తించలేదు. వాడలో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. కాగితంలో లేనివాణ్ని గోడ మాత్రం ఎట్లా ఆపుతుంది?

అవతల లింబాద్రి, అతని భార్య భాగ్యలక్ష్మి. తోటికోడళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ. ఎదురుపడితే ఒకరు కాండ్రించి ఉమ్మేవారు, ఒకరు కొంగు దులిపేవారు. నడిపయ్య శవం వాకిట్లో ఉన్ననాడు కూడా భాగ్యలక్ష్మి తొంగి చూడలేదు. ఆ పగ గంగామణి కడుపులో కుంపటై కూర్చుంది. లింబాద్రి తాగొచ్చి పెళ్లాన్ని కొడుతుంటే దెబ్బల చప్పుడు ఇవతలికి వినిపించేది. "మంచిగైంది ముండకు" అనుకుని గంగామణి అన్నంలో తొక్కు పచ్చడి కలుపుకుని కడుపునిండా తినేది. చెడ్డ మనిషి కాదు. కానీ పగ పట్టినదాని చెవికి దెబ్బల చప్పుడు కూడా జోలపాటే.

బుడ్డోడి వెనక తొడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. చూస్తుండగానే మారేడుకాయంత అయి పగిలింది. పశువుల దవాఖానలో డాక్టర్ సౌమ్య ఎక్స్‌రే ఫొటోలు తీయించి, క్యాన్సర్ ఊపిరితిత్తులకు కూడా పాకిందని చెప్పింది.

"కోసినా ఫాయిదా లేదు ఆంటీ. ఉన్నన్ని రోజులు నొప్పి లేకుంట, ఇష్టంగ తినేటట్టు చూసుకోవాలె. మెత్తగ, గోరువెచ్చగ, జరంత జరంత నాలుగుసార్లు పెట్టుండ్రి. తిన్నంక నొప్పి గోలీ. మనుషుల గోలీలు అసలే వద్దు. నోట్లె కుక్కొద్దు. ఇంకోటి, పసుపు పెట్టొద్దు."

ఆర్మూర్‌లో పసుపు వద్దంటే వినేవాళ్లెవరు? దెబ్బకు పసుపు, దగ్గుకు పసుపు, దిష్టికి పసుపు. గంగామణి నెయ్యిలో చెంచాడు పసుపు కలిపి పెట్టింది. అవతల భాగ్యలక్ష్మి కూడా అదే పని చేసింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వారం తిరిగేసరికి బుడ్డోడు తిండి మానేసి, పచ్చగా కక్కుకున్నాడు. డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూసి మండిపడింది.

"వీడు కుక్కనా, పెండ్లికొడుకా?"

తన చెంచాడుకే ఇంత పచ్చ కాదు, అవతల కూడా పెడుతున్నారని గంగామణికి తట్టింది. ఇంటికి రాగానే గోడ ముందు నిలబడి కుక్కతో అంది, గోడకు వినబడేలా. "ఓ బుడ్డిగా! ఇంకోపారి నీకు పసుపు పెడితే చెయ్యి ఇరగ్గొడ్తనని గా ఆవలిదానికి చెప్పు!"

అవతలి గొంతు కూడా కుక్కతోనే మాట్లాడింది. "బుడ్డిగా, నేను పెట్టింది సగం చెంచనే. నాలిక అంత పచ్చగ నా ఒక్కదానితోటే అయిందా, అడుగు?"

ఆనాటి నుంచి రెండు వైపులా పసుపు బందైంది. మూడో రోజుకు బుడ్డోడు గుడ్డుముక్క నాకాడు.

కానీ కాళ్లలో సత్తువ లేదు. ఒక మధ్యాహ్నం అవతలికి పోతూ పోతూ గోడ నడుమ కూలబడ్డాడు. తలా ముందుకాళ్లూ ఇవతల, నడుమూ గడ్డా తోకా అవతల. గంగామణి లాగబోతే కుయ్యోమన్నాడు. డాక్టరమ్మ వచ్చి ఇవతల గుండె చూసి, వీధి చుట్టి వెళ్లి అవతల పుండుకు కట్టు కట్టింది.

"కదిలించకుండ్రి. రెండు దిక్కులా మెత్తగ బొంత పరువుండ్రి" అని చెప్పి వెళ్లింది.

లింబాద్రి పనినుంచి వచ్చి చూశాడు. "మంచిగున్నది! నోరేమో ఆళ్లకు, ముడ్డేమో మనకు!" అని ఒక్క తన్ను తన్నాడు.

తన్ను అవతల పడింది, అరుపు గంగామణి ఒళ్లో పడింది. వాడి తల పట్టుకుని కూర్చుందే గాని అవతలి కాలిని ఎట్లా ఆపుతుంది? కోపంతో గోడను పిడికిలితో గుద్దింది. అంతలో భాగ్యలక్ష్మి గొంతు వినిపించింది.

"దాన్నెందుకు తంతవ్? నన్ను తన్ను!"

అతనికి అంతకంటే కావలసిందేముంది? ఆ చప్పుళ్లు గంగామణికి కొత్త కాదు. కానీ ఆ పూట కలుపుకున్న అన్నం తినకుండా పక్కన పెట్టేసింది. అందుకు కూడా భాగ్యలక్ష్మినే తిట్టుకుంది.

తరువాత రోజుల్లో పని పంపకం దానంతటదే కుదిరింది. ఇవతల తినిపించడం, అవతల కడగడం.

"బుడ్డిగా, గోలీ ఏసిన. పుండెట్లున్నదో చెప్పుమను."

"కడిగిన. ఈగలు వాలకుంట గుడ్డ కప్పిన. నాకేం సరదా గాదు ఈ గలీజు ఎత్తిపోసుడు."

ఒకరోజు పొద్దున బుడ్డోడు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నచ్చిందో నొప్పో తెలియక గంగామణి కంగారు పడింది. అవతల నుంచి మెల్లగా ఒక మాట వచ్చింది.

"తోక ఊపుతున్నడు."

ఎనిమిదేళ్లలో ఆ గొంతు నుంచి విసురు లేకుండా వచ్చిన మొదటి మాట అది. కాసేపటికి అదే గొంతు కుక్కతో ఇంకో మాట చెప్పింది. "బుడ్డిగా, బావ సచ్చిపోయిన దినం నా మొగడు బయటి నుంచి తాళమేసి పోయిండురా. నేను లోపటనే ఏడ్సిన."

గంగామణి ఇంకో ముద్ద చిదిమి బుడ్డోడి మూతి దగ్గర పెట్టింది. ఇన్నేళ్లు పెంచుకున్న కోపాన్ని ఒక్క మాటతో ఎవరు వదులుకుంటారు?

ఆదివారం పగటిపూట లింబాద్రి పూటుగా తాగి, గడ్డపార పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "ఇయ్యాల దీని పీడ ఒదిలిస్త!"

"అక్కా!" భాగ్యలక్ష్మి కేక పెట్టింది. "అక్కా, గుంజు! నేను నూకుతున్న!"

గంగామణి బుడ్డోడి ముందుకాళ్ల కింద చేతులు వేసి లాగింది. నడుము వచ్చింది, కట్టు కట్టిన తొడ వచ్చింది, తోక వచ్చింది. తోక వెనకే, వాడి తొడలను అంటిపెట్టుకుని రెండు చేతులు మోచేతుల దాకా వచ్చాయి. గాజులు పగిలి ఉన్నాయి. మణికట్లు నల్లగా కమిలి ఉన్నాయి. అవి ఎప్పటి దెబ్బలో గంగామణికి తెలుసు. ఏ రోజు ఎన్ని పడ్డాయో కూడా తెలుసు. ఆమెకు సిగ్గేసింది. కాలు గోడకు తన్నిపెట్టి, ఆ చేతులను పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది.

భాగ్యలక్ష్మి ఇవతల వచ్చి పడింది. అవతల గడ్డపార ఇటుకకు తగిలి ఖంగుమంది.

బుడ్డోడు ఒకరి ఒళ్లో తల, ఇంకొకరి ఒళ్లో నడుము పెట్టుకుని పడుకున్నాడు. భాగ్యలక్ష్మి కోడిమాంసం ఉడికిన నీళ్లలో వేలు ముంచి మూతికి రాసింది. ఒక్కసారి నాకాడు. తోక రెండుసార్లు బొంత మీద కొట్టి ఆగిపోయింది. ఇద్దరూ గొంతెత్తి ఏడ్చారు.

వీధి తలుపు దబదబ మోగింది. గంగామణి కుక్క తలను మెల్లగా బొంత మీద పెట్టి, లేచి గొళ్లెం బిగించింది.

"వదినా! నా పెండ్లాన్ని ఇంటికి తోలు!" లింబాద్రి బయట నుంచి అరిచాడు.

"ఇంట్లనే ఉన్నది" అంది గంగామణి. "నువ్వు పో."